పెద్దమ్మ వంటింట్లో చెరువు

ఆ రోజుల్లో రాజమండ్రిలో పనున్నవాడూ లేనివాడూ సాయంత్రమయ్యేసరికి గోదావరి గట్టెక్కి, కొత్త వంతెన స్తంభాలు ఎంతవరకూ లేచాయో చూసి, ఇంటికొచ్చి భార్యకి చెప్పి, ఆవిడ నమ్మకపోతే మర్నాడు మళ్ళీ వెళ్ళి చూసొచ్చేవాడు. నాకింకా భార్య లేదు, వంతెన చూసే తీరికా లేదు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. రామచంద్రపురం అవతల మా పల్లెలో మా నాన్న ఉపదేశి (అంటే ఆదివారం గుళ్ళో వాక్యం చెప్పి, మిగతా రోజుల్లో అదే గుళ్ళో పిల్లలకి అక్షరాలు దిద్దించే మనిషి). నేను మిషను బడిలో చదువుకుని, వీడు గీత చక్కగా గీస్తాడని అక్కడి దొరసాని రాసిచ్చిన ఉత్తరం జేబులో పెట్టుకుని, పడవెక్కి వచ్చి పటాల కచేరీలో ట్రేసరుగా చేరాను. ట్రేసరంటే మరేం లేదు. పాత పటం మీద పల్చటి గుడ్డ పరిచి, కింద కనిపించిన గీతని పైన దించడమే. మా పల్లెలో అదేదో కలెక్టరు పక్కన కుర్చీ ఉద్యోగమనుకున్నారు. నేను వాళ్ళ భ్రమ పోగొట్టలేదు సరికదా, నాకంటే బాగా గీత దించేవాడు ఈ జిల్లాలోనే లేడని మొదటి నెల్లోనే తేల్చేసుకున్నాను.

మా పైన కొలబద్ద గారని ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడేది కాదు. సన్నగా, నిటారుగా, ఒంటిమీద అంగుళాల గుర్తులు మాత్రమే తక్కువన్నట్టుండేవారు. మహా నిష్ఠాపరుడు. కచేరీలో మంచినీళ్ళు కూడా ఇంటి నుంచి తెచ్చుకున్న చెంబులోవే తాగేవారు. పెన్షనుకి ఇంక కొద్ది నెలలే ఉందనగా ఆయన్ని ఊరి చరిత్ర రాయాలన్న పిచ్చి పట్టుకుంది. పుక్కిటి కథల్లోంచి కాదు. పాత పటాలూ, ఏ వీధిలో ఎవరుండేవారో అచ్చువేసిన పాత డైరెక్టరీలూ, కాలవ పడవల వేళల పట్టీలూ, కొత్తగా వచ్చిన రైలు టైము టేబుళ్ళూ ముందేసుకుని, జాతకం చూసేవాళ్ళలా వేళ్ళు మడిచి లెక్కలు కట్టేవారు.

"ఇటు చూడవోయ్," అనేవారు నన్ను పిలిచి. "పాత పట్టీలో ధవళేశ్వరం పడవ మన రేవులో అరగంట ఆగేది. కొత్తదాంట్లో పావుగంటే. మరి ఆ పావుగంట ఎక్కడికి పోయిందంటావ్?"

"తెలీదండి."

"రైలొచ్చింది. పడవెక్కేవాళ్ళు తగ్గారు. దిగి అన్నం తిని వెళ్ళేవాళ్ళు అసలే లేరు. రేవులో పూటకూళ్ళిళ్ళు ఒక్కొక్కటే మూసేశారు. రాజుగారు కోట ఎప్పుడు కట్టాడో ఎవడైనా చెప్తాడు. పడవ ఎంతసేపు ఆగిందో చూసి ఊరు సంగతి చెప్పాలి."

నాకు ఆశ్చర్యంగా ఉండేది. అంతవరకూ టైము టేబులు చూస్తే పడవ తప్పిపోకుండా ఉంటుందనే తెలుసు గానీ, ఊరు కూడా తప్పిపోకుండా ఉంటుందని తెలీదు. ఆయన దగ్గర నాకు నిజమైన భక్తి ఉండేది. ఆయన నాకు పెట్టిన నియమాలు రెండే. ఒకటి, ఉన్నదున్నట్టు దించు, బుర్ర పెట్టకు. రెండు, పటాల గదిలో తిండి తినకు, చీమలు పడతాయి. మొదటిది ప్రాణం పెట్టి పాటించాను. రెండోది మాత్రం నా చేతకాలేదు.

దానికి కారణం ఉంది. మధ్యాహ్నం కచేరీ వెనక వరండాలో గుమస్తాలు తలొక మూలా కూర్చుని తినేవారు. ఏ మూల ఎవరి కులానిదో నేను పుట్టక ముందే స్థిరపడిపోయింది. నేను వెళ్ళేసరికి మూలలన్నీ అయిపోయాయి. (వరండాకి ఐదో మూల కట్టించే అధికారం ట్రేసరుకి ఉండదు కదా.) అంచేత అందరూ వరండాలోకి వెళ్ళాక నేను పటాల గదిలో బీరువా వెనక నిలబడి, గబగబా నాలుగు ముద్దలు మింగేవాణ్ణి. అందాకా పొట్లం ఎవరి కంటా పడకుండా ఉండాలి. అట్టడుగు సొరుగులో, ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాలం నాటి ఊరి పెద్ద పటం ఒకటి మధ్యకి మడతపెట్టి ఉండేది. దాన్నెవరూ తీసేవారు కాదు. ఆ మడతలో పొట్లం పెట్టేవాణ్ణి. అంత భద్రమైన చోటు కనిపెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి కూడా.

ఆ పొట్లం కట్టిచ్చేది పడవల పెద్దమ్మ. రేవు పక్క సందులో మూడు గదుల తాటాకిల్లు ఆవిడది. పెనిమిటి పడవ సరంగు, ఎప్పుడో పోయాడు. పిల్లల్లేరు. ఆదివారం మాతోపాటే గుడికొచ్చేది, మిగతా రోజులు పడవ దిగినవాళ్ళకీ, నాలాంటి ఒంటిగాళ్ళకీ వండి పెట్టేది. రేవులో పూటకూళ్ళిళ్ళన్నీ మూతపడ్డా ఆవిడ పొయ్యి మాత్రం ఆరలేదు. పొద్దున్నే అరిటాకులో ఆవకాయన్నం కలిపి, పైన మళ్ళీ ఊట పోసి, నారతో కట్టి చేతికిచ్చేది. నేను వద్దంటే, "నూనె లేకపోతే చల్లన్నం గొంతు దిగదు నాయనా, మీ అమ్మయితే పొయ్యదేంటి?" అనేది. మా అమ్మ అంత పొయ్యదు. ఆ మాట ఆవిడకి చెప్పలేదు.

ఇలా ఉండగా ఊరికి కొత్త పటం తయారుచెయ్యమని పై కచేరీ నుంచి హుకుం వచ్చింది. కొలబద్ద గారు ఉత్సాహంగా, "ఆనకట్ట నాటి పటం తియ్యవోయ్, ముందు దాన్ని దించుదాం," అన్నారు. నా గుండె జారింది గానీ, ఆవేళ పొట్లం ఇంకా సొరుగులో చేరలేదు. బతికాను అనుకుని పటం తీసి బల్ల మీద పరిచాను. రేవు పక్కని ఒకటీ, మడతకి అవతల బజారు వైపు ఒకటీ, పసుపూ మట్టీ కలిసిన రంగులో రెండు మచ్చలున్నాయి. ఆ పటంలో నిజమైన చెరువులకి వేసిన నీలిరంగు కూడా కాలం గడిచి అలాగే మట్టి రంగుకి దిగింది. ఇవీ చెరువులే అనుకున్నాను. పక్కన పేరు రాసిలేదే అని ఒక్క క్షణం అనుమానం వచ్చిన మాట నిజమే, కానీ మొదటి నియమం గుర్తొచ్చి బుర్రని పక్కన పెట్టాను. అంచులు జాగ్రత్తగా దించాను. ఒకచోట మచ్చ కొంచెం మొనదేలి ఉంటే, అది స్నానాల మెట్లు కాబోలని మరింత శ్రద్ధగా దించాను. లోపల నీళ్ళున్నట్టు సన్నటి నీలి గీతలు కూడా గీశాను. నా జన్మలో అంత అందమైన చెరువులు మళ్ళీ గీయలేదు.

కొలబద్ద గారు చూసి ఉలిక్కిపడ్డారు. అసలు పటం తెప్పించి, భూతద్దం పెట్టి, తర్వాత తన పరీక్ష తాను చేశారు. సిరా మచ్చకీ రంగు పూతకీ తేడా తెలియాలంటే ఆయన వేలు తడిపి దాని మీద అద్ది, నాలిక్కి తగిలించుకుని చూసేవారు. ముప్ఫై ఏళ్ళ అలవాటు అది. ఎన్నేళ్ళ నాటి రంగో కూడా రుచి చూసి చెప్పేవారు. ఆవేళ కళ్ళు మూసుకుని చాలాసేపు చప్పరించారు.

"పాతది," అన్నారు చివరికి. "చాలా పాతది. ఇంత ఘాటైన రంగు ఈ కాలంలో రాదు."

అంతే. రెండు చెరువులూ ఒకే కొలత, ఒకే ఆకారం. జంట చెరువులు. రాజుల కథలంటే పెదవి విరిచే మనిషి, వారం తిరక్కుండా వాటిని తవ్వించడానికి ఒక రాజునీ, ఇద్దరు రాణుల్నీ వెతుక్కున్నారు. ఆయన చరిత్రలో అదే మకుటం అయింది. కొత్త పటంతోపాటు ఆ అధ్యాయం కూడా శుద్ధప్రతి రాయించి పై కచేరీకి పంపారు. ఆ నాలుగు రోజులూ ఆయన మొహంలో ఉన్న వెలుగు చూసి, ఇదంతా నా చేతి చలవే కదా అని నేనూ పొంగిపోయాను.

నెల తిరక్కుండా ఒక సాయంత్రం పెద్దమ్మ నా చేతికి ఒక కాగితం ఇచ్చి చదవమంది. కచేరీ బంట్రోతు ఇచ్చి వెళ్ళాడట. నేను చదివాను. మళ్ళీ చదివాను. ఆ స్థలం పూర్వం చెరువనీ, చెరువు భూమి సర్కారుదేననీ, వంతెన పనికి సామాను పెట్టుకోవడానికి చోటు కావాలి గనక నెలాఖరులోగా ఇల్లు ఖాళీ చెయ్యాలనీ దాని సారం.

"ఏమని రాశారు నాయనా?"

"ఇక్కడ చెరువుందట పెద్దమ్మా."

"ఎక్కడ?"

వేలితో చూపించక తప్పలేదు. "ఇదిగో, వంటింట్లో."

ఆవిడ వంటింటి కేసి చూసి, నా కేసి చూసింది. "నలభై ఏళ్ళుగా గోదాట్లోంచి బిందెలు మోసుకొస్తున్నాను. చెరువు వంటింట్లోనే ఉంటే ఎవరైనా ఓ మాట చెప్పొద్దూ?"

నాకు నవ్వు రాలేదు. ఇల్లు మామగారు కట్టింది, పట్టా ఎప్పటి వరదలోనో పోయింది, చూపించడానికి కాగితం ముక్క లేదు. ఆ ఇల్లు పోతే ఆవిడకి తల దాచుకునే చోటు లేదు. రెండో చెరువు బజారులో ఒక పెద్ద షావుకారు బియ్యం కొట్టు మీద పడింది. ఆయనకి మాత్రం ఏ కాగితమూ రాలేదు. (చెరువులు కూడా మనిషిని చూసే పడతాయని అప్పుడు నేర్చుకున్నాను.)

మర్నాటి నుంచి నేను కొలబద్ద గారి విద్య ఆయన మీదే ప్రయోగించాను. పాత కాగితాల కట్టలన్నీ విప్పాను. ఒక డైరెక్టరీలో రేవు సందు కింద పెద్దమ్మ మామగారి పేరు దొరికింది, పక్కన 'సరంగు' అని. పాత వేళల పట్టీ అడుగున చిన్నక్షరాల్లో, దిగువ కాలవకి వెళ్ళే వాళ్ళు మొదటి గంటకి సరంగు గారి అరుగు దగ్గర ఉండవలెను అని అచ్చువేసి ఉంది. ఎగిరి గంతేసి తీసుకెళ్ళి చూపించాను. ఆయన ఎంతో సంతోషించారు.

"శభాష్. ఇవన్నీ పటం తర్వాతవి. అంటే చెరువు పూడ్చి ఇల్లు కట్టారన్నమాట. ఇది కూడా అధ్యాయంలో చేరుద్దాం."

"మరి పెద్దమ్మ సంగతేంటండి?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకూ బాధగానే ఉందోయ్. కానీ చూసిందాన్ని చూళ్ళేదని ఎలా రాయను?" నేను ఎంత సాక్ష్యం తెస్తే చెరువు అంత లోతయ్యేది. మూడో రోజుకి తేవడం మానేశాను.

ఆ మూడో రోజు మధ్యాహ్నమే, పటం సొరుగులో పెడదామని కిటికీ దగ్గర నిలబడి మడత పెడుతున్నాను. ఎండ ఎదురుగా కొడుతోంది. పటం రెండు సగాలూ కలిసేసరికి, రేవు చెరువు వెళ్ళి బజారు చెరువు మీద సరిగ్గా కూర్చుంది. అంచుకి అంచు. మెట్లకి మెట్లు. విప్పాను, మళ్ళీ మడిచాను. మళ్ళీ కూర్చుంది. ఆ మచ్చలున్నచోట కాగితం మెరుస్తోంది, కిటికీ చువ్వలు దాంట్లోంచి కనిపిస్తున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆవపిండి.

స్నానాల మెట్లు నారముడి. రాజూ లేడు, రాణులూ లేరు. పెద్దమ్మ కలిపిన ఆవకాయ పెద్దమ్మ ఇంటినే మింగుతోంది, దాన్ని నీలి గీతలతో సింగారించి పంపింది నేను. చెప్తే ఉద్యోగం పోతుంది, మా నాన్న పల్లెలో తలెత్తుకోలేడు. దానికన్నా ఎక్కువగా కొలబద్ద గారి మొహంలో వెలుగు నేనే ఆర్పాలి. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. నిజం చెప్తున్నాను, ఆ గంటసేపూ చెప్పకూడదనే అనుకున్నాను.

సాయంత్రం అన్నానికి వెళ్ళేసరికి పెద్దమ్మ జాడీలన్నీ బయట పెట్టి ఒక్కొక్కదానికీ మూతిగుడ్డ కడుతోంది. "ఎక్కడికి వెళ్తానో తెలీదు గానీ, ఇవి నీ దగ్గర పెట్టుకో నాయనా. ఎండాకాలం దాకా వస్తాయి," అంది. కంచంలో చెయ్యి పెట్టాను, ముద్ద పైకి రాలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి లేచి వచ్చేశాను. నా ఇరవై ఏళ్ళ జీవితంలో అంత సిగ్గుపడిన పూట ఇంకోటి లేదు.

మర్నాడు కచేరీ తెరవగానే కొలబద్ద గారి ముందు పటం పరిచాను. ఏమీ చెప్పలేక, మడిచి చూపించాను. ఆయన చూశారు. తానే మడిచారు, విప్పారు.

"ఏంటిది?"

"ఆవకాయండి. నా అన్నం పొట్లం ఇందులో పెట్టేవాణ్ణండి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"చేరిన దగ్గర్నుంచీ అండి."

ఆయన చెయ్యి నెమ్మదిగా నోటి దగ్గరకి వెళ్ళడం చూసి, ఏం గుర్తొచ్చిందో నాకు అర్థమైంది. మంచినీళ్ళు కూడా ఇంటి చెంబులోవే తాగే మనిషి.

"ఎవరు పెట్టిన ఆవకాయ?"

"పడవల పెద్దమ్మండి. రేవు సందులో ఆవిడే."

"అంటే ఆ రోజు నేను..."

"ఆయ్, అవునండి."

ఇంక నా ఉద్యోగమే కాదు, నా ప్రాణం కూడా పోయిందనుకున్నాను. ఆయన లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చారు. కూర్చున్నారు. గొంతు తగ్గించి అడిగారు. "కాయ ఏం కాయ?"

"కొత్తపల్లి కొబ్బరి మామిడండి."

"అదీ సంగతి," అన్నారు. "పాతది కాదు, ఘాటుదని అప్పుడే అనుకోవలసింది." తర్వాత గొంతు సర్దుకుని, "అన్నం తినడానికి చోటు లేదని నాతో ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు. నేను తల దించుకున్నాను. వరండాలో మూలల సంగతి ఆయనకి తెలియంది కాదు. అందుకే కాబోలు, ఆయన కూడా తల దించుకున్నారు.

ఆ మధ్యాహ్నమే ఆయన స్వహస్తంతో ఉత్తరం రాశారు. మచ్చని పరీక్షించి చెరువని నిర్ధారణ చేసింది తాననీ, తప్పు పూర్తిగా తనదేననీ, ట్రేసరు తన ఆజ్ఞ ప్రకారం ఉన్నదున్నట్టు దించాడనీ. పై కచేరీ దొర మా ఇద్దరినీ పిలిపించాడు. కొలబద్ద గారు ఆయన బల్ల మీద పటం పరిచి, మడిచి, విప్పి, మరక దేనిదని దొర అడిగితే తొణక్కుండా ఇంగ్లీషులో మామిడికాయ ఊరగాయ అని చెప్పారు. దొర నవ్వలేదు. పక్కనున్న గుమస్తాలు నవ్వారు. పెన్షనుకి దగ్గరపడిన మనిషి, జీవితమంతా పటాల్లో తప్పులు దిద్దిన మనిషి, ఆ నవ్వులో నిటారుగా నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది. వారం తర్వాత పెద్దమ్మకిచ్చిన హుకుం రద్దయింది. ఆయన చరిత్ర మాత్రం అచ్చు వేయడానికి తగదని తిరిగొచ్చింది. నన్ను మందలించి వదిలేశారు. ఆ మర్నాటి నుంచి పన్నెండు కొట్టగానే ఆయన పటాల గది పక్క చిన్న గది తాళం తీసి, ఏమీ మాట్లాడకుండా నా బల్ల మీద తాళంచెవి పెట్టి వెళ్ళేవారు.

పెద్దమ్మకి చెప్పడమే మిగిలింది. హుకుం రద్దయిందని విని ఆవిడ దేవుడికి స్తోత్రం చెప్పుకుని, జాడీలు మళ్ళీ లోపల పెట్టుకుంది. దేవుడికి స్తోత్రం అందుతుంటే మధ్యలో నా పాత్ర ఎందుకని నేనూ కొన్నాళ్ళు ఊరుకున్నాను. చివరికి ఒక ఆదివారం గుడి నుంచి వచ్చాక, అరుగు మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. పొట్లం, మడత, మచ్చ, నీలి గీతలు, ఏదీ దాచలేదు. నా మూలంగా ఆవిడ ఇల్లు పోవలసిందని కూడా నోరు విడిచి చెప్పాను. తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా ఉంది. ఆవిడ చేటలో బియ్యం ఏరడం ఆపి, నుదురు ముడిచి, ఏదో లెక్క తేలనట్టు నా కేసి చూసింది.

"అంత ఊటా కాగితమే తాగేస్తే, మరి నువ్వు ఇన్నాళ్ళూ ఏం కలుపుకు తిన్నావురా?" అంది.

ఇప్పుడు నేను అప్పటి పెద్దమ్మ కంటే పెద్దవాణ్ణి. చెరువు గీసినందుకు నన్ను నేను ఎప్పుడో క్షమించుకుని, తలుచుకుని నవ్వుకుంటాను. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం నవ్వు ఆగిపోతుంది.